ఊపిరి గుమ్మం దగ్గర

*బుద్ధుడు ‘సతి’ అన్నాడు. మన ఇళ్ళలో ఎరుక అంటాం. ఒకప్పుడు మన కొండల మీద సాగిన సాధన ఇది. మన దగ్గర మరుగునపడి, బర్మా నుంచి మళ్ళీ మన ఊళ్ళకు వచ్చింది.*

నాన్న చివరి నెలంతా నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఉన్నాను. ఒక సాయంత్రం ఆయన నన్నేదో అడిగారు. ఫోన్ చూస్తూ ‘ఊఁ’ అన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగారు. మళ్ళీ ‘ఊఁ’ అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఫోన్‌లో నేనేం చూశానో గుర్తు లేదు. నాన్న ఏమడిగారో గుర్తు లేదు. రెండుసార్లు అడిగారన్నది మాత్రం గుర్తుంది.

ఆయన పోయాక ఆ మాట కోసం ఎంత వెతుక్కున్నానో! మంచినీళ్ళు కావాలన్నారా? దిండు సర్దమన్నారా? ఊళ్ళో పొలం సంగతేమైనా ఎత్తారా? మర్చిపోయిన మాటైతే ఎప్పుడో ఒకప్పుడు తడుతుంది. నేను ఆ మాట అసలు విననేలేదు. మనసులో పడనిది మనసులోంచి ఎలా వస్తుంది?

ఆ ఏడాది చివర్లో ఒక స్నేహితుడు బలవంతపెడితే పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళాను. ‘సతి’ అన్న పాళీ మాట నా చెవిన పడింది అప్పుడే. మనకు సతి అంటే భార్య. ఇది వేరు. సంస్కృతంలో ‘స్మృతి’ అనేదాన్ని పాళీలో ‘సతి’ అంటారు. అసలు అర్థం జ్ఞాపకం. 1881లో రీస్ డేవిడ్స్ అనే పాళీ పండితుడు దీన్ని ఇంగ్లీషులో ‘మైండ్‌ఫుల్‌నెస్’ అన్నాడు. లోకమంతా ఆ మాటే పట్టుకుంది. ఆ తర్జుమా తప్పని అనను కానీ, అందులో జ్ఞాపకం జారిపోయింది. నాకు కావలసింది సరిగ్గా ఆ జారిపోయిన ముక్కే. ఒక పని జరుగుతున్నప్పుడు అది జరుగుతోందని గుర్తుండటం, అదే సతి. ఆ క్షణంలో గుర్తుంటేనే తర్వాతైనా గుర్తుంటుంది.

తెలుగులో దీనికి మాటలకు కొదవ లేదు. గిన్నె చేజారితే అమ్మ ‘ధ్యాస ఎక్కడ పెట్టావురా?’ అనేది. అన్యమనస్కంగా ఉంటే ‘పరాకు’ అంటాం. రాజుగారు వస్తుంటే వందిమాగధులు ‘బహుపరాక్’ అని కేకేసి హెచ్చరించేవాళ్ళు. అన్నిటికన్నా నాకు నచ్చేది ఎరుక. పలకడానికి చిన్నది. పుస్తకం వాసన లేనిది.

నాలుగింటి గంట

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే రోడ్డులో, వనస్థలిపురం దగ్గర ‘ధమ్మ ఖేత్త’ ఉంది. ధ్యాన గురువు సత్యనారాయణ గోయంకా ఆధ్వర్యంలో దేశంలో మొదలైన తొలి విపశ్యన కేంద్రాల్లో ఒకటి. 1976 నుంచి నడుస్తోంది. వెళ్ళగానే ఫోను, పుస్తకాలు, పెన్ను, కాగితాలు అన్నీ అప్పగించాలి. ఐదు శీలాలు తీసుకోవాలి. చంపను, దొంగిలించను, బ్రహ్మచర్యం తప్పను, అబద్ధమాడను, మత్తు ముట్టను. ఆ రాత్రి నుంచి పదో రోజు ఉదయం దాకా తోటివాళ్ళెవరితోనూ మాట లేదు, సైగ లేదు, కళ్ళు కలపడం కూడా లేదు. దీన్ని ఆర్యమౌనం అంటారు. ఉండటానికి, తినడానికి రుసుమేమీ లేదు. అంతకుముందు శిబిరం పూర్తిచేసినవాళ్ళు ఇచ్చిన దానంతోనే తర్వాత వచ్చినవాళ్ళకు అన్నం.

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నరకు కూర్చోవాలి. రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేలోగా కూర్చునే సమయమే సుమారు పది గంటలు. మొదటి మూడు రోజులూ ఒకటే పని. ముక్కుపుటాల దగ్గర, పైపెదవి మీద, వచ్చే ఊపిరి వస్తోందని, పోయే ఊపిరి పోతోందని తెలుసుకుంటూ ఉండటం. దీని పేరు ఆనాపానసతి. ప్రాణాయామం చేసే అలవాటున్నవాళ్ళు ఇక్కడే తడబడతారు. ఊపిరిని పొడిగించకూడదు, బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు. మంత్రం జోడించకూడదు. అది ఎలా ఉంటే అలా తెలుసుకోవాలి.

మొదటి రోజు నేను వరసగా నాలుగు ఊపిరులు చూడలేకపోయాను. ఆఫీసులో సగంలో వదిలేసిన పని, చిన్నప్పుడు మేడ మీద ఎండబెట్టిన వడియాలు, ఏదో సినిమా పాట రెండో చరణం. పాట వెళ్ళాక, అది వచ్చిందన్న సంగతి తెలిసేది. మధ్యాహ్నం ఆచార్యుల దగ్గరికి వెళ్ళి, మనసు నిలవడం లేదండీ అన్నాను. ఆయన అడిగింది ఒక్కటే. ‘పారిపోయిందని మీకు ఎంతసేపటికి తెలుస్తోంది?’ పావుగంటకు అన్నాను. ‘రేపు కాస్త ముందే తెలుస్తుందేమో చూడండి’ అన్నారు. అంతే. ఆ జవాబుకు నా భుజాలు వదులయ్యాయి. మనసు పారిపోవడాన్ని ఆయన తప్పులా చూడలేదు. తెలిసిన క్షణాన్ని మాత్రం పట్టుకోమన్నారు.

అయిదో శతాబ్దంలో శ్రీలంకలో ఉండి ‘విశుద్ధిమగ్గ’ రాసిన బుద్ధఘోషుడు దీనికి ఒక పోలిక చెప్పాడు. నగర ద్వారం దగ్గర కాపలావాడున్నాడు. ఊళ్ళో తిరిగేవాళ్ళ వెంటా పోడు, ఊరి బయటివాళ్ళ వెంటా పోడు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణే చూస్తాడు. లోపలికి వెళ్ళిన గాలితో వెళ్ళకు, బయటికి పోయినదాని వెంట పోకు, గుమ్మం దగ్గరే ఉండు అని. ముక్కు కింద ఆ జానెడు కూడా లేని చోట కూర్చున్నప్పుడల్లా నాకు మా ఊరి పాత ఇంటి అరుగు గుర్తొచ్చేది. తాతయ్య అక్కడే కూర్చునేవాడు. ఎవరొచ్చినా ఎవరు వెళ్ళినా ఆయనకు తెలిసేది.

నాలుగో రోజు విపశ్యన మొదలైంది. నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా ఒంట్లో తెలిసేదాన్నల్లా వరసగా చూసుకుంటూ పోవాలి. ఇలా ఒంట్లో తెలిసేదాన్ని పాళీలో ‘వేదన’ అంటారు. మనం ఆ మాటను దుఃఖానికి వాడుకున్నాం. అక్కడ సుఖమూ వేదనే, దుఃఖమూ వేదనే, ఈ రెండూ కానిదీ వేదనే. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు, గంటసేపు చేయి కాలు కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవాలి. అధిట్ఠానం అంటారు.

నా ఎడమ మోకాలి సంగతి చెబుతాను. నలభై నిమిషాలు దాటేసరికి అక్కడ ఒక నిప్పుకుండ పెట్టినట్టుండేది. కాలు చాపేస్తానేమో అనుకున్న క్షణంలో, సరే చూద్దాం అని దాని లోపలికి చూశాను. నేను ‘నొప్పి’ అని పిలుస్తున్న ముద్ద అక్కడ లేదు. ఒకచోట మంట. దాని పక్కన లాగుతున్నట్టు. చిప్ప కింద గుండె కొట్టుకున్నట్టు టకటకా. ఇంకొంచెం లోపల, ఆశ్చర్యంగా, చల్లటి ఒక చుక్క. అవి కూడా ఒకచోట నిలవడం లేదు. ఒకటి ఆరితే ఒకటి వెలుగుతోంది. ఆ మోకాలి కన్నా, గంట ఎప్పుడు కొడతారా అన్న ఆత్రమే నన్ను ఎక్కువ కాల్చింది. బాణం తగిలినవాడికి రెండో బాణం కూడా తగిలితే ఎలా ఉంటుందో బుద్ధుడు ఒక సుత్తంలో, అంటే బోధలో, చెబుతాడు. మొదటిది ఒంటి నొప్పి, రెండోది దాని మీద మనసు పెట్టే గోల. నా రెండో బాణం నాకు అప్పుడు కనిపించింది.

ఆరో రోజు సాయంత్రం, ఏ కారణమూ లేకుండా, అటు తిరిగి పడుకున్న నాన్న వీపు కనిపించింది. పాత బనీను, మెడ వెనక తెల్ల వెంట్రుకలు. గొంతులో ముడి పడింది. అది ఎక్కడ మొదలైందో, ఎంత వెడల్పుందో, ఎటు కదులుతోందో చూస్తూ కూర్చున్నాను. కళ్ళు మూసి ఉండగానే చెంపలు తడిశాయి. ఆ తడి ఆరుతున్నప్పటి చల్లదనం కూడా తెలిసింది. ఆయన అడిగిన మాట మాత్రం గుర్తుకు రాలేదు.

ఉలి కింద కర్ర

ఈ సాధనకు మూలమైన సతిపట్ఠాన సుత్తం పాళీ బౌద్ధ గ్రంథమైన మజ్ఝిమ నికాయంలో పదోది. కురుదేశంలో కమ్మాసధమ్మ అనే ఊళ్ళో బుద్ధుడు చెప్పాడని పాఠం. ఎరుక నిలపడానికి నాలుగు చోట్లు చూపిస్తుంది. ఒళ్ళు, ఒంట్లో తెలిసే వేదనలు, చిత్తం, ఆ చిత్తంలో మెదిలే ధర్మాలు. నడిచేటప్పుడు నడుస్తున్నానని, తినేటప్పుడు తింటున్నానని తెలియాలంటుంది. ఆఖరికి మలమూత్రాల వేళను కూడా వదల్లేదు.

అందులో ఊపిరికి ఇచ్చిన పోలిక నన్ను ఏటికొప్పాక దాకా నడిపించింది. నేర్పరి అయిన తరిమెన పనివాడు, అంటే లేత్ మీద కర్ర తిప్పుతూ చెక్కేవాడు, లేదా అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, పొడవుగా కోస్తే పొడవుగా కోస్తున్నానని, పొట్టిగా కోస్తే పొట్టిగా కోస్తున్నానని తెలుసుకుంటాడు. పొడవు ఊపిరి, పొట్టి ఊపిరి అలా తెలియాలని.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో ఇప్పటికీ ఆ పనే. అంకుడు కర్రను లేత్‌కు బిగించి, తిరుగుతుండగా ఉలి ఆనిస్తారు. పొట్టు పూలరేకుల్లా రాలుతుంది. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క ముక్కను అదిమి పెడితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఎండిన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. నేను చూసిన పెద్దాయన ఉలి కదుపుతూనే పక్కనున్న మనవడి వైపు తిరిగి ఏదో చెబుతున్నాడు. చెయ్యి చూసుకోనక్కర్లేదా అని అడిగాను. ‘సప్పుడు మారతాది బాబూ. ఇనుకోవాల’ అన్నాడు. చెవి పెట్టాను. కాసేపటికి నాకూ తేడా వినిపించింది. ఉలి కొంచెం లోతుగా దిగితే గీర, పైపైన పోతే బుస. మనవడు పక్కన బొంగరం చెక్కుతున్నాడు. వాడి కర్ర రెండుసార్లు విరిగింది. మూడో ముక్క బిగించుకున్నాడు.

సుత్తంలో నేర్పరితో పాటు ఆ కుర్రాణ్ణి కూడా కలిపి చెప్పడం నాకెంత ధైర్యమిచ్చిందో!

ధ్యానమంటే మనసును ఖాళీ చేయడమనీ, హాయిగా తేలిపోవడమనీ చాలామంది అనుకుంటారు. పనివాడి మనసు ఖాళీగా ఉండదు, తేలిపోదు. చేస్తున్నదాన్ని ఆనుకుని ఉంటుంది. ఉలి అంచు ఎంత ఆనుతుందో అంతే, నొక్కకుండా, వదలకుండా.

లెక్కల ఆఫీసు నుంచి

ఈ విద్య గోయంకాకు చేరిన దారి చాలా ఇష్టంగా చెప్పుకుంటాను, ఎందుకంటే ఆ దారి సంసారుల ఇళ్ళ మీదుగా వచ్చింది. బర్మాలో లెడీ సయడా అనే భిక్షువు (1846–1923) విపశ్యనను గృహస్థులకు కూడా నేర్పాలని పట్టుబట్టాడు. ఆయన దగ్గర నేర్చుకున్న సయా తెట్‌జీ ఒక రైతు. తెట్‌జీ దగ్గరికి 1937లో వచ్చినవాడు ఊ బా ఖిన్, లెక్కల ఆఫీసులో ఉద్యోగి. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయన ఆ దేశపు తొలి అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. ఆఫీసులోనే ఒక గది కేటాయించి తన సిబ్బందికి ధ్యానం నేర్పాడు. ఫైళ్ళు చూసే చెయ్యీ అదే, ఊపిరి చూడమని చెప్పే నోరూ అదే.

గోయంకా మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. భరించలేని పార్శ్వనొప్పితో, మార్ఫిన్ ఇంజెక్షన్ల మీద ఆధారపడి, 1955లో ఊ బా ఖిన్ దగ్గరికి వచ్చాడు. తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని గురువు మొదట తిప్పి పంపేశాడు. మనసు శుభ్రపడితే నొప్పి దానంతట అదే పోతే పోవచ్చు, దాని కోసమని మాత్రం వద్దు అన్నాడు. గోయంకా పధ్నాలుగేళ్ళు ఆయన దగ్గర సాధన చేసి 1969లో ఇండియాకు వచ్చి, ఆ జులైలో బొంబాయిలో తొలి శిబిరం పెట్టాడు. 1994లో తీహార్ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఆయన దగ్గర ఒకేసారి కూర్చున్నారు. 2013లో కన్నుమూశాడు.

బర్మాలోనే ఇంకో పాయ మహాసీ సయడాది. అందులో ఊపిరికి పొట్ట పైకి లేవడం, కిందికి దిగడం చూస్తారు. నడకలో పాదం లేచింది, కదిలింది, ఆనింది అని గుర్తుపెడతారు. వియత్నాం భిక్షువు తిక్ న్యాట్ హాన్ అంట్లు తోముకోవడంలోనూ ఇదే చూపించాడు. ఏ పాయలో దిగినా నీళ్ళవే.

తొట్లకొండ మీద గాలి

ధమ్మ ఖేత్త ముందు నుంచి వెళ్ళే రోడ్డే నాగార్జునసాగర్‌కు పోతుంది. అక్కడి జలాశయం కింద ఇక్ష్వాకుల నాటి విజయపురి ఉంది. మూడో శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అక్కడ దొరికింది. తామ్రపర్ణి, అంటే సింహళ ఆచార్యుల కోసం ఆమె కట్టించిన చైత్యగృహం గురించి, సింహళ విహారం గురించి అందులో ఉంది. బుద్ధఘోషుడు తన వ్యాఖ్యానాల్లో ‘అంధక అట్ఠకథ’ అని ఒక పాత వ్యాఖ్యానాన్ని పేర్కొంటాడు. అది ఆంధ్రుల వ్యాఖ్యానం. మూలం ఇప్పుడు లేదు. మనవాళ్ళు బుద్ధుడి బోధను చర్చించి, రాసి పెట్టుకున్నారన్న మాట.

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. పైన భిక్షువుల గదుల పునాదులు వరసగా ఉంటాయి. ఒక మనిషి పడుకోవడానికి, కూర్చోవడానికి సరిపోయే గదులు. నేను సాయంత్రం ఒక గది పునాదిలో అరగంట కూర్చున్నాను. సముద్రం మీంచి వచ్చే గాలి ఆగుతూ వీస్తోంది. కిందనుంచి బస్సు హారన్లు. పిల్లలెవరో గోడల మీద గెంతుతూ ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళను విసుక్కోబోయి, ఆ విసుగు ఛాతీలో ఎక్కడ పుట్టిందో చూశాను. ఎడమవైపు, వేడిగా.

ఇలాంటి కొండ మీద కూర్చున్నవాళ్ళు లోకాన్ని వదిలేసుకున్నారనుకోకండి. సంయుత్త నికాయంలో గడ ఎక్కి ఆడే గురుశిష్యుల కథ ఉంది. ‘నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటా’ అంటాడు గురువు. ‘అలా కాదు, మీ ఒళ్ళు మీరు చూసుకోండి, నా ఒళ్ళు నేను చూసుకుంటా, అప్పుడే ఇద్దరం క్షేమంగా దిగుతాం’ అంటాడు శిష్యుడు. బుద్ధుడు శిష్యుడి మాటే ఒప్పుకుని, ఇంకో మాట కలిపాడు. తనను కాచుకుంటే ఇతరులను కాచినట్టే, ఓర్పుతో దయతో ఇతరులను కాస్తే తనను కాచుకున్నట్టే.

ఆస్పత్రిలో, ఆఫీసులో

1979లో జాన్ కబాట్‌జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మందులతో నొప్పి తగ్గని రోగుల కోసం ఒక ధ్యాన శిక్షణ మొదలుపెట్టాడు. ఇవాళ ‘మైండ్‌ఫుల్‌నెస్’ పేరుతో ఆస్పత్రుల్లో, కంపెనీల్లో, ఫోన్లలో ఉన్నది చాలావరకు ఆ విత్తనమే. ఆందోళన జబ్బున్న 276 మందితో చేసిన ఒక అమెరికా అధ్యయనం 2022లో వెలువడింది. ఆ శిక్షణ పద్ధతిలో ఎనిమిది వారాల సాధన, ఎస్సిటాలోప్రామ్ అనే మందుకు తీసిపోలేదని తేల్చింది. మంచి సంగతే. అయినా డాక్టర్ ఇచ్చిన మందు మన ఇష్టానికి మానేయమని దానర్థం కాదు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా పది రోజుల మౌనానికి వెళ్ళకూడదు. లోపల కప్పెట్టినవి ఒక్కసారిగా పైకి వచ్చి కొందరిని కుదిపేస్తాయి. ఈ మాట చెప్పకుండా ధ్యానాన్ని పొగిడేవాళ్ళను నమ్మకండి.

నా అసలు బెంగ ఇంకొకటి. బౌద్ధంలో ఎరుక ఒంటరిగా లేదు. అష్టాంగ మార్గంలో అది ఏడోది, సమ్యక్ స్మృతి. మాటలో, పనిలో, బతుకుతెరువులో ఇతరులను బాధించకుండా ఉండటం దానికి ముందే వస్తుంది. గురి చూసే వేటగాడికీ ఏకాగ్రత ఉంటుంది. శీలాన్ని తీసి పక్కనపెట్టి, పన్నెండు గంటలు చాకిరీ చేసేవాడికి మధ్యలో పది నిమిషాలు కళ్ళు మూసుకోమంటే, అతని అలసటకు మందు ఇచ్చి అలసట పుట్టించేదాన్ని అలాగే ఉంచినట్టు. పని గంటలు తగ్గించమని అడిగే గొంతు కూడా ఎరుకలోంచే రావాలి.

శిబిరానికి వెళ్ళే వీలు లేనివాళ్ళు ఇంట్లో మొదలుపెట్టొచ్చు. చాప మీదైనా కుర్చీలోనైనా వెన్ను నిటారుగా పెట్టి పది నిమిషాలు. ఊపిరి ముక్కు దగ్గర తెలుస్తుంటే ముక్కు దగ్గర, పొట్టలో తెలుస్తుంటే పొట్టలో. మనసు వెళ్ళిపోయిందని తెలిసిన క్షణాన తిట్టుకోకుండా మళ్ళీ రావాలి. రోజూ అదే వేళకు కూర్చుంటే నయం. నేను పాలవాడు వచ్చేలోగా కూర్చుంటాను. కొన్ని రోజులు పదికి పది నిమిషాలూ పరాకే. లేచేముందు ఒకసారి తెలుస్తుంది. మూడేళ్ళయినా అంతే.

ఆదివారాలు అమ్మకు ఫోన్ చేస్తాను. అప్పుడు టీవీ ఆపేస్తాను, కిటికీ దగ్గర నిలబడతాను. పోయిన వారం పెరట్లో కరివేపాకు చెట్టుకు తెగులు పట్టిందని, పుల్లమజ్జిగ చల్లానని చెప్పింది. పక్కింటివాళ్ళ పనసచెట్టు కొమ్మ మన గోడ మీదికి వాలిందట. రెండు కాయలు మనవైపున్నాయి, కోయమంటే కోస్తాను, వాళ్ళు ఊరికెళ్ళారు, ఏం చేయమంటావు నాన్నా అంది. వాళ్ళొచ్చాక అడుగుదాంలే అన్నాను. పెన్షన్ పడింది. మోకాలు పరవాలేదు. మధ్యలో మాట ఆపి దగ్గింది, రెండుసార్లు. పొడి దగ్గు. ఎప్పటి నుంచి అని అడిగాను. గురువారం నుంచి అంది.